డిస్క్ పోయినా సైట్ ఆగకుండా ఉండాలంటే: సర్వర్‌లో రెయిడ్ పెట్టుకోవడం, పెట్టాక కనిపెట్టుకుని ఉండటం

సెప్టెంబర్‌లో నా సర్వర్‌లో ఒక డిస్క్ పోయింది, ఆ సంగతి నాకు ఫిబ్రవరిలో తెలిసింది. మధ్యలో ఐదు నెలలు సైట్లన్నీ హాయిగా నడిచాయి, ఒక్క క్లయింట్ కూడా ఫోన్ చెయ్యలేదు, నేనూ పెద్దగా లాగిన్ అయి చూసింది లేదు. రెండు డిస్కులు పెట్టి మిర్రర్ చేశాం కదా (ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లో కూడా పడేలా), ఇంకేం భయం అని ధీమా. ఫిబ్రవరిలో ఒకరోజు వేరే పని మీద లాగిన్ అయితే రూట్ (సర్వర్ అడ్మిన్ అకౌంట్) మెయిల్‌బాక్స్‌లో 140 పైచిలుకు మెయిల్స్ ఉన్నాయి, అన్నీ ఒకటే, "అర్రే డీగ్రేడ్ అయింది, చూసుకో" (అంటే కలిపి వాడుతున్న డిస్కుల్లో ఒకటి పోయింది) అని సర్వర్ రోజుకొకటి చొప్పున రాసి తన దగ్గరే పెట్టుకుంది. అప్పటికి రెండో డిస్క్ కూడా మూలుగుతోంది.

అందుకే ఇది రాస్తున్నా. కొన్ని డిస్కులు కలిపి, ఒకటి పోయినా సర్వర్ నడిచేలా చేసే పద్ధతే రెయిడ్. అది మనకి ఇచ్చేది టైమ్, అంతే. ఒక డిస్క్ పోయిన దగ్గర్నుంచి రెండోది పోయేలోపు ఉండే టైమ్. ఆ టైమ్ మొదలైందని మనకి తెలియకపోతే ఎన్ని డిస్కులు పెట్టినా దండగే. కింద చెప్పేది ఎక్కువగా లైనక్స్ డెడికేటెడ్ సర్వర్ (మెషీన్ మొత్తం మీ ఒక్కరికే) ఉన్నవాళ్ళకి, కానీ షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది), వీపీఎస్ (పెద్ద మెషీన్‌లో మీకిచ్చిన వర్చువల్ సర్వర్) వాళ్ళు కూడా మొదటి స్టెప్, చివర్లో బ్యాకప్ స్టెప్ చదవండి, మిగతావి వదిలేసినా పర్లేదు.

స్టెప్ 1: అసలు మీ దగ్గర ఏముందో కనుక్కోండి

షేర్డ్ హోస్టింగ్ అయితే డిస్కులు మీ చేతిలో ఉండవు. ప్లాన్ పేజీలో "ఎస్ఎస్‌డీ రెయిడ్ 10" అని రాసుంటే అది హోస్టింగ్ వాళ్ళ మెషీన్ సంగతి, మీరు చూడలేరు, చెక్ చెయ్యలేరు. వీపీఎస్ కూడా అంతే, లోపల మీకు ఒకటే డిస్క్ కనపడుతుంది, దాని వెనకాల రెయిడ్ ఉందో లేదో లోపల్నుంచి తెలీదు. కాబట్టి సపోర్ట్‌కి టికెట్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: హోస్ట్ మెషీన్‌లో ఏ రెయిడ్ లెవెల్ (లెవెల్స్ సంగతి స్టెప్ 2లో), డిస్క్ పోతే మార్చేది ఎవరు ఎంతసేపట్లో, బ్యాకప్ ఏ బిల్డింగ్‌లో ఉంటుంది. మూడో ప్రశ్నకి జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే జాగ్రత్తపడండి.

క్లౌడ్‌లో ఇంకో తేడా ఉంది. ఏడబ్ల్యూఎస్‌లో, అంటే అమెజాన్ క్లౌడ్‌లో, ఈబీఎస్ వాల్యూమ్ (నెట్‌వర్క్ మీద తగిలించే డిస్క్) తీసుకుంటే దాని కాపీలు అదే జోన్‌లో (డేటా సెంటర్ల గుంపులో) వాళ్ళే పెడతారు, మీరు మళ్ళీ మిర్రర్ చెయ్యక్కర్లేదు (2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలైంది, అక్కడా ఇదే పద్ధతి). కానీ ఇన్‌స్టెన్స్ స్టోర్ అని మెషీన్‌కే తగిలించిన లోకల్ డిస్కులు కొన్ని రకాల మెషీన్లకి వస్తాయి, స్పీడ్ బాగుంటుంది, మెషీన్ స్టాప్ చేశారంటే అందులో డేటా గోవిందా. డేటాబేస్‌ని దాని మీద పెట్టి సాయంత్రం బిల్లు తగ్గుతుందని స్టాప్ కొట్టినవాళ్ళు ఉన్నారు, నవ్వకండి.

డెడికేటెడ్ సర్వర్ అయితే మాత్రం బాధ్యత అంతా మీదే. రెండు డిస్కులు ఇచ్చారంటే రెయిడ్ చేసి ఇచ్చారని కాదు, చాలా చోట్ల రెండూ విడివిడిగానే వస్తాయి.

స్టెప్ 2: లెవెల్ ఎంచుకోండి

రెయిడ్ అనే మాట 1988లో కాలిఫోర్నియా బర్క్‌లీ యూనివర్సిటీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో వచ్చింది. పెద్ద ఖరీదైన డిస్క్ ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడదాం, ఒకటి పోయినా నడిచేలా చేద్దాం అని వాళ్ళ ఐడియా. ఆ పేరులో "ఐ" అంటే మొదట ఇన్‌ఎక్స్‌పెన్సివ్, చవక అనే అర్థమే, తర్వాత అమ్మేవాళ్ళు దాన్ని ఇండిపెండెంట్ అని మార్చుకున్నారు, చవక అని పేరు పెట్టుకుని ఖరీదుకి అమ్మితే బాగోదు కదా.

రెయిడ్ 0 జోలికి పోవద్దు. డేటాని ముక్కలు చేసి రెండు డిస్కుల్లో పంచుతుంది, ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది. పేరులో రెయిడ్ ఉంది గానీ కాపాడటం లేదు.

రెయిడ్ 1 అంటే మిర్రర్, రెండింట్లో ఒకటే డేటా. 2 టెరాబైట్ల డిస్కులు రెండు పెడితే మీకు దక్కేది 2 టెరాబైట్లే. సగం వేస్ట్ అనిపిస్తుంది కానీ చిన్న హోస్టింగ్‌కి ఇంతకంటే సింపుల్ లేదు.

రెయిడ్ 5 అర్థం కావాలంటే చీటీ పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ముగ్గురు కట్టిన డబ్బు మూడు గళ్ళలో రాసి నాలుగో గడిలో టోటల్ రాశారు. నీళ్ళు పడి ఒక గడి చెరిగిపోయింది, ఏమవుతుంది, టోటల్‌లోంచి మిగతా రెండూ తీసేస్తే చెరిగింది దొరుకుతుంది. డిస్కుల్లో కూడిక బదులు బిట్ల లెక్క. మూడు డిస్కుల్లో 1, 0, 1 ఉన్నాయనుకోండి, నాలుగో దాంట్లో ఏం రాస్తే మొత్తం ఒకట్ల సంఖ్య సరి సంఖ్య అవుతుందో అది రాస్తారు, ఇక్కడ రెండు ఒకట్లు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి 0. ఇప్పుడు మూడో డిస్క్ పోయింది, మిగిలినవి 1, 0, 0, ఒకటి ఒక్కటే ఉంది, సరి సంఖ్య కావాలంటే పోయినది 1 అయి తీరాలి. ఈ నాలుగో బిట్‌నే ప్యారిటీ అంటారు, రెయిడ్ 5లో దాన్ని ఒకే డిస్క్‌లో పెట్టకుండా అన్నిటికీ తిప్పి తిప్పి పంచుతారు. 2 టెరాబైట్లవి నాలుగు పెడితే 6 దక్కుతాయి, ఒకటి పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 6లో రెండు రకాల టోటల్స్ రాస్తారు, రెండు పోయినా తట్టుకుంటుంది, నాలుగు పెడితే 4 టెరాబైట్లే దక్కుతాయి.

వినడానికి రెయిడ్ 5 బేరం బాగుంది, కానీ పెద్ద డిస్కులతో, డేటాబేస్ ఉన్న సర్వర్‌లో నేను వద్దంటా. ఒకటి, చిన్న రైట్ (డిస్క్ మీద రాయడం) ఒక్కటి చెయ్యాలంటే పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త ప్యారిటీ రాయాలి, నాలుగు పనులు. మిర్రర్‌లో రెండే. వర్డ్‌ప్రెస్, మైఎస్‌క్యూఎల్ చేసేవన్నీ చిన్న చిన్న రైట్లే. రెండు, రీబిల్డ్. డిస్క్ పోయి కొత్తది పెట్టినప్పుడు మిగతా డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. 8 టెరాబైట్ల డిస్క్‌ని సెకనుకి 150 మెగాబైట్ల చొప్పున నింపితే దాదాపు 15 గంటలు, అదీ సైట్ల మీద ట్రాఫిక్ లేకపోతే. ఆ 15 గంటలు మిగిలిన ముసలి డిస్కులు పరుగులు తియ్యాలి, మూలిగే నక్క మీద తాటిపండు పడేది సరిగ్గా అప్పుడే. మామూలు డెస్క్‌టాప్ డిస్కుల డేటాషీట్లలో 12.5 టెరాబైట్లు చదివితే ఒక సెక్టార్ (డిస్క్‌లో చిన్న గడి) చదవలేకపోవచ్చు అనే లెక్క ఇస్తారు, నిజంలో అంతకంటే బాగానే పనిచేస్తాయి గానీ రిస్క్ ఎటువైపు ఉందో అర్థమవుతుంది కదా.

కాబట్టి రెండు డిస్కులుంటే రెయిడ్ 1, నాలుగుంటే రెయిడ్ 10, అంటే రెండు మిర్రర్ జతలు కలిపి వాడటం. ఇందులో ఒకటి పోతే నడుస్తుంది, రెండోది పోతే మిగిలిన మూడింట్లో దాని జోడీ కాకపోతే చాలు, ఇంకా నడుస్తుంది, రీబిల్డ్‌కి కూడా ఆ జోడీ ఒక్కదాన్నే కాపీ చేస్తే సరిపోతుంది. బ్యాకప్ సర్వర్ లాంటి పెద్ద గోడౌన్ కావాలంటే రెయిడ్ 6.

స్టెప్ 3: డిస్కుల విషయంలో ఒక్క మాట

ఒకే రోజు, ఒకే షాపులో, వరుస సీరియల్ నంబర్లతో డిస్కులు కొనకండి. ఒకే అర్రేలో అన్నీ ఒకే పని చేస్తాయి కాబట్టి అరిగేదీ ఒకేలా అరుగుతాయి. దీనికి పెద్ద ఉదాహరణ సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీది. 2019 నవంబర్‌లో వాళ్ళే నోటీస్ ఇచ్చారు, కొన్ని మోడల్ ఎస్ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలే ఉండే ప్రోగ్రామ్) తప్పు వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయి, డేటా కూడా తిరిగి రాదు, వెంటనే అప్‌డేట్ వేసుకోండి అని. అంటే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు ఆన్ చేసిన నాలుగు డిస్కులు ఒకే గంటలో పోతే ఏ రెయిడ్ లెవెల్ ఏం చేస్తుంది చెప్పండి. అద్దె సర్వర్ అయితే డిస్కులు ఎంచుకునే వీలుండదు, కానీ స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ ఆరోగ్యం చూపించే టూల్) రన్ చేసి పవర్ ఆన్ గంటలు చూడొచ్చు, ఇచ్చిన రోజే 40,000 గంటలు చూపిస్తే మార్చమని అడగండి, చాలామంది మారుస్తారు.

స్టెప్ 4: సెటప్

హార్డ్‌వేర్ రెయిడ్ కార్డ్ ఉంటే దాని మెనూలో చేసుకోవడమే, కాకపోతే కార్డ్‌లో బ్యాటరీ ఉందా పనిచేస్తుందా చూడండి, కరెంట్ పోయినప్పుడు క్యాష్‌లో (కార్డ్ తాత్కాలిక మెమరీలో) ఉండిపోయిన రైట్లని అదే కాపాడుతుంది. నా ఓటు మాత్రం సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కే, లైనక్స్‌లో ఎండీఏడీఎం అనే టూల్‌తో చేసేది. కార్డ్ పోతే అదే రకం కార్డ్ కోసం వెతుక్కునే బాధ ఉండదు, ఆ డిస్కులు ఏ లైనక్స్ మెషీన్‌కి తగిలించినా చదువుతుంది.

డెబియన్, ఉబుంటు ఇన్‌స్టాలర్‌లోనే రెయిడ్ ఆప్షన్ ఉంటుంది, రెండు డిస్కులకీ ఒకేలాంటి పార్టిషన్లు (డిస్క్‌ని విడగొట్టిన భాగాలు) చేసి జత చెయ్యండి. ఇక్కడ అందరూ మర్చిపోయేది బూట్‌లోడర్, అంటే సర్వర్ ఆన్ అవగానే లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్, దాని పేరు గ్రబ్. డేటా రెండింట్లో ఉంటుంది, గ్రబ్ మాత్రం మొదటి డిస్క్‌లోనే ఉంటుంది. ఆ మొదటిది పోయి సర్వర్ రీబూట్ అయిందనుకోండి, రెండో డిస్క్‌లో మీ డేటా అంతా క్షేమంగా ఉంటుంది, సర్వర్ మాత్రం లేవదు. గ్రబ్‌ని రెండు డిస్కుల మీదా విడివిడిగా ఇన్‌స్టాల్ చెయ్యండి, యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) సిస్టమ్ అయితే బూట్ ఫైల్స్ ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ మామూలుగా మిర్రర్‌లోకి రాదు కాబట్టి రెండో డిస్క్‌లో కూడా ఒకటి పెట్టి ఫైల్స్ కాపీ చెయ్యండి.

తర్వాత ప్రాక్ ఫోల్డర్‌లో ఎండీస్టాట్ అనే ఫైల్ తెరిచి చూడండి. అంతా బాగుంటే స్క్వేర్ బ్రాకెట్లలో రెండు యూ అక్షరాలు పక్కపక్కన కనపడతాయి. ఒక డిస్క్ పోతే ఒక యూ ప్లేస్‌లో అండర్‌స్కోర్ వస్తుంది, అంతే, ఎర్ర లైటూ ఉండదు సైరనూ ఉండదు. నా సర్వర్‌లో ఐదు నెలలు ఉన్నది ఆ చిన్న గీతే.

ఇప్పుడే ఇంకో పని, రెండు డిస్కుల సీరియల్ నంబర్లు తీసి సర్వర్ బయట ఎక్కడైనా రాసిపెట్టుకోండి, ఫోన్ నోట్స్‌లో అయినా సరే. ఎందుకో స్టెప్ 7లో తెలుస్తుంది.

స్టెప్ 5: అలర్ట్ మీ ఫోన్ దాకా రావాలి

ఈ ఆర్టికల్‌లో ఒక్క స్టెప్పే చేస్తా అంటే ఇది చెయ్యండి. ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్‌లో మెయిల్ అడ్రస్ అనే లైన్ ఉంటుంది, డెబియన్‌లో డిఫాల్ట్‌గా అక్కడ రూట్ అని ఉంటుంది, అంటే మెయిల్ సర్వర్ లోపలే ఉండిపోతుంది, కొంపలంటుకున్నా మీకు తెలీదు. అక్కడ మీరు రోజూ చూసే మెయిల్ పెట్టండి. పెట్టాక ఊరుకోకండి, ఎండీఏడీఎంని మానిటర్ మోడ్‌లో స్కాన్, టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లతో రన్ చేస్తే ప్రతి అర్రేకి ఒక టెస్ట్ మెయిల్ పంపుతుంది. వచ్చిందా? స్పామ్‌లో పడిందా? కొత్త సర్వర్ ఐపీ నుంచి నేరుగా వెళ్ళే మెయిల్స్ జీమెయిల్‌లో స్పామ్‌లోకి పోవడమో అసలు రాకపోవడమో మామూలే, కాబట్టి ఏదైనా ఎస్ఎంటీపీ సర్వీస్ (మన తరఫున మెయిల్స్ పంపేది) ద్వారా పంపండి, లేదంటే మెయిల్ బదులు ఒక స్క్రిప్ట్ రన్ అయ్యేలా పెట్టి టెలిగ్రామ్ బాట్‌కి మెసేజ్ కొట్టించండి, నేను ఇప్పుడు రెండూ పెట్టా.

దాంతోపాటు స్మార్ట్‌డీ కూడా ఆన్ చెయ్యండి, డిస్క్ పూర్తిగా పోకముందే ఇచ్చే హింట్లు అది పట్టుకుంటుంది. హార్డ్ డిస్క్ అయితే స్మార్ట్‌సీటీఎల్ రిపోర్టులో 5, 197, 198 నంబర్ల దగ్గర చూడండి, 5 అంటే పాడైపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, 197 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, 198 అంటే ఇక చదవలేనని తేల్చేసినవి. సున్నా ఉండాలి. ఒకట్రెండు వచ్చి అక్కడే ఆగితే కనిపెట్టి ఉండండి, వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ మార్చెయ్యండి.

స్టెప్ 6: నెలకోసారి మొత్తం చదివించండి

ఎవరూ ముట్టుకోని పాత ఫైల్ ఉన్న సెక్టార్ పాడైతే ఎవరికీ తెలీదు, రీబిల్డ్ రోజున బయటపడుతుంది. అందుకే స్క్రబ్, అర్రే మొత్తాన్ని ఒకసారి చదవడం, చదవలేని సెక్టార్ దొరికితే రెండో కాపీ నుంచి తెచ్చి రాయడం. డెబియన్, ఉబుంటుల్లో ఎండీఏడీఎం ప్యాకేజీ వేస్తే నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక దానంతట అదే జరుగుతుంది. ఆ రాత్రి సైట్ స్లో అయిందని కొంతమంది దాన్ని తీసిపారేస్తారు, తియ్యకండి, స్పీడ్ లిమిట్ తగ్గించుకోండి చాలు.

స్టెప్ 7: ఖాళీ సర్వర్ మీద రిహార్సల్, తర్వాత నిజంగా మార్చడం

సైట్లు ఎక్కించకముందే ఒకసారి చేసి చూడండి. ఎండీఏడీఎంతో ఒక డిస్క్‌ని ఫెయిల్ అని మార్క్ చెయ్యండి, అలర్ట్ వచ్చిందా చూడండి, రిమూవ్ చెయ్యండి, సర్వర్ రీబూట్ చేసి లేస్తుందా చూడండి, మళ్ళీ యాడ్ చేసి రీబిల్డ్ ఎంతసేపు పట్టిందో రాసుకోండి. రెండో డిస్క్‌తో కూడా అదే. గ్రబ్ మర్చిపోయి ఉంటే ఇక్కడే దొరికిపోతారు.

నిజంగా డిస్క్ పోయిన రోజు తొందరపడకండి. ముందు బ్యాకప్ తీసుకోండి, మార్చడం తర్వాత. డేటా సెంటర్‌కి టికెట్ పెట్టేటప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని (లైనక్స్ డిస్కులకి పెట్టే పేర్లు) రాయకండి, ఆ పేర్లు రీబూట్‌కి అటూ ఇటూ అవుతాయి, అక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషికి అవి కనపడవు కూడా. అతనికి కనపడేది స్టిక్కర్ మీద సీరియల్ నంబర్. పోయిన డిస్క్ నంబర్ రాయండి, బాగున్న డిస్క్ నంబర్ కూడా రాసి "ఇది మాత్రం తియ్యొద్దు" అని పెట్టండి. పూర్తిగా చచ్చిన డిస్క్ తన సీరియల్ నంబర్ కూడా చెప్పదు, అందుకే ముందే రాసిపెట్టుకోమన్నా.

కొత్త డిస్క్ వచ్చాక బాగున్న డిస్క్ పార్టిషన్ టేబుల్‌ని (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికని) కొత్తదానికి కాపీ చెయ్యాలి. ఇక్కడ చెయ్యి వణకాలి. ఎస్‌జీడిస్క్ అనే టూల్‌లో రెప్లికేట్ ఆప్షన్‌కి ముందు ఇచ్చేది కొత్త డిస్క్, చివర్లో ఇచ్చేది పాతది, తారుమారు చేస్తే ఖాళీ టేబుల్ వెళ్ళి బాగున్న దాని మీద కూర్చుంటుంది, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఎంటర్ కొట్టేముందు రెండు సీరియల్ నంబర్లూ మళ్ళీ చదవండి. కాపీ అయ్యాక కొత్త డిస్క్ ఐడీలు మార్చడానికి అదే టూల్‌లో ఇంకో ఆప్షన్ ఉంది, అది కూడా రన్ చేసి, పార్టిషన్లని అర్రేలోకి యాడ్ చేసి, గ్రబ్ మళ్ళీ వేసి, ఎండీస్టాట్ చూస్తూ కూర్చోండి, పర్సెంటేజ్ పెరుగుతుంది, చివరికి గీత పోయి రెండో యూ వస్తుంది.

స్టెప్ 8: ఇవన్నీ చేశాక కూడా బ్యాకప్ కావాలి

మిర్రర్ మంచీచెడూ చూడదు. మీరు ఫైల్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది, హ్యాకర్ వచ్చి రాసినా రెండింట్లోనూ రాస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్) ఒక ఇంజనీర్ పొరపాటున వేరే సర్వర్ అనుకుని నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌నే డిలీట్ చేశాడు, 300 జీబీ దాకా. రోజూ జరగాల్సిన బ్యాకప్ చూస్తే డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ టూల్ ఇంకో పాత వెర్షన్ కావడంతో ఎప్పట్నుంచో ఫెయిల్ అవుతోంది, ఫెయిల్ అయ్యిందని వెళ్ళిన మెయిల్స్ ఏమో అవతల మెయిల్ సర్వర్ రిజెక్ట్ చేసేసింది. నా కథే కదా, కాస్త పెద్ద సైజులో. అదృష్టం బాగుండి 6 గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) ఉంటే దాంతో బయటపడ్డారు.

ఇక 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ బిల్డింగ్ ఒకటి మొత్తం కాలిపోయింది. అందులో ఉన్న సర్వర్లలో రెయిడ్ ఏ లెవెల్ అన్నది ఆ రోజు ఎవరికీ పనికిరాలేదు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్ళకి రెండూ పోయాయి. అందుకే స్టెప్ 1లో బిల్డింగ్ గురించి అడగమన్నది. రాత్రిపూట డేటాబేస్ డంప్ (డేటా అంతా ఫైల్‌గా తీసిన కాపీ), ఫైల్స్ రెండూ వేరే కంపెనీ, వేరే ఊరు స్టోరేజ్‌కి వెళ్ళేలా పెట్టండి, సర్వర్ పాస్‌వర్డ్ దొరికినవాడు ఆ పాత కాపీల్ని డిలీట్ చెయ్యలేకుండా పర్మిషన్లు ఇవ్వండి, రెండు మూడు నెలలకోసారి అందులోంచి ఒక సైట్‌ని నిజంగా రీస్టోర్ చేసి తెరిచి చూడండి.

నా ఫిబ్రవరి సంగతి చెప్పలేదు కదా. రెండో డిస్క్‌లో 197 దగ్గర 16 చూపించింది. మార్చమని టికెట్ పెట్టకుండా ముందు కూర్చుని మొత్తం వేరే సర్వర్‌కి కాపీ మొదలుపెట్టా, 11 గంటలు పట్టింది, ఆ రాత్రి నిద్ర లేదు. డేటాబేస్‌లన్నీ వచ్చాయి. ఒక ఫంక్షన్ హాల్ వాళ్ళ సైట్‌లో గ్యాలరీ ఫోటోలు ఏడు మాత్రం చదవలేనంది. పొద్దున్నే వాళ్ళకి ఫోన్ చేసి విషయం చెప్పి ఒరిజినల్స్ ఉన్నాయా అంటే, ఫోటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్ ఎక్కడో పోయిందండీ అన్నారు. చివరికి వాళ్ళ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో దొరికాయి, కుదించిన సైజులో, ఇప్పటికీ ఆ గ్యాలరీలో ఆ ఏడు ఫోటోలు మాత్రం కాస్త మసగ్గానే ఉంటాయి.